అవ్వ పేరిటి రేవులో జపమాల

జెద్దా మహానగరంలోని పాతపట్టణాన్ని బలద్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు 'ఊరు' అని అర్థం. ఎర్రసముద్రపు పగడపు రాళ్ళతో కట్టిన మేడలు, వాటి ముఖాన చెక్కపని నిండిన రౌషన్ కిటికీలు, మక్కాకు వెళ్ళే పాత యాత్రామార్గం మీద వెలసిన అలవీ బజారు, ఇవన్నీ కలిసిన ఈ ప్రాంతాన్ని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ పనిచేసిన తెలుగువారికి మాత్రం బలద్ అనగానే ముందు గుర్తుకు వచ్చేది సెలవునాటి బజారే: ఇంటికి పంపే దుప్పట్లు, అత్తరు, ఖర్జూరం, స్తోమత ఉంటే బంగారం. ఆ బజారులోనే ముస్లిం భక్తుల జపమాలలు కూడా అమ్ముతారు. వాటిని మిస్బహా అనీ సుబ్హా అనీ, మన హైదరాబాదు వాడుకలో తస్బీ అనీ అంటారు. ముప్పైమూడు పూసలవి కొన్ని, తొంభైతొమ్మిది పూసలవి కొన్ని. ఎర్రసముద్రంలో దొరికే 'యుస్ర్' అనే నల్లపగడంతో చేసినవాటికి ప్రత్యేకమైన గౌరవం ఉంది.

కతోలిక జపమాలకు ఆ బజారులో చోటు లేదు. సౌదీ అరేబియాలో చర్చి లేదు. ఇస్లామేతర మతాలను బహిరంగంగా ఆచరించడానికి అనుమతి లేదు. ఇంటి నాలుగు గోడల మధ్య చేసుకొనే ప్రార్థనకు అభ్యంతరం లేదని ప్రభుత్వ ప్రతినిధులు చెబుతూ వచ్చారు గాని, 2016లో మతపోలీసులకు అరెస్టు అధికారం తొలగించేవరకు ఆ మాట మీద పూర్తిగా భరోసా పెట్టుకొన్నవారు తక్కువ. ఇటువంటి చోట ఒక కతోలిక విశ్వాసికి మిగిలేదేమిటి? దివ్యపూజాబలి లేదు, సత్ప్రసాదం లేదు, పాపసంకీర్తనం వినే గురువు లేడు. గంట లేదు, పీఠం లేదు. మిగిలేది నోటికి వచ్చిన జపం, దానిని లెక్కపెట్టుకొనే పూసలు. అవీ లేకపోతే పది వేళ్ళు.

జపమాల చరిత్రను సాధారణంగా పునీతుల దర్శనాలతోనూ, పోపుల ఆజ్ఞాపత్రాలతోనూ, నౌకాయుద్ధాల విజయాలతోనూ చెబుతారు. ఆ చరిత్ర అబద్ధం కాదు, అయితే సగమే. గుడి లేనివాళ్ళ, చదువు రానివాళ్ళ, గురువు ముఖం చూడక ఏళ్ళు గడిపినవాళ్ళ చరిత్ర మరొకటి ఉంది. నా దృష్టిలో ఈ ప్రార్థన అసలు స్వరూపం ఆ రెండవ చరిత్రలోనే తెలుస్తుంది. ఆశ్చర్యమేమంటే, బలద్‌కు ఈ రెండు చరిత్రలతోనూ సంబంధం ఉంది.

మొదట ఊరి పేరు సంగతి. 'జుద్దా' అంటే సముద్రతీరమని భాషావేత్తలు చెప్పే వ్యుత్పత్తి. జనం నోట నిలిచిన వ్యుత్పత్తి వేరు. 'జద్దా' అంటే అవ్వ, నాయనమ్మ లేదా అమ్మమ్మ. మానవజాతికి ఆదిమాత అయిన హవ్వ సమాధి ఇక్కడే ఉందన్న నమ్మకం నుంచి ఆ పేరు వచ్చిందంటారు. (రాయలసీమ పాఠకులకు హవ్వ, అవ్వ అన్న మాటల పొత్తు మరీ చక్కగా వినిపిస్తుంది, అది కేవలం యాదృచ్ఛికం.) 1183లో ఈ రేవులో దిగిన అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్, హవ్వ మక్కాకు వెళుతూ బస చేసినదిగా చెప్పే ఒక పురాతన గుమ్మటాన్ని ఇక్కడ చూశానని రాశాడు. 1853లో వచ్చిన రిచర్డ్ బర్టన్ ఆ సమాధిని కొలిచి మరీ వర్ణించాడు. బలద్ ప్రాకారానికి ఉత్తరంగా ఉన్న ఆ కట్టడాన్ని 1928లో కూల్చివేశారు. 1975లో ఆ చోటును కాంక్రీటుతో మూసివేశారు. సమాధుల వద్ద మొక్కులు దైవానికి సాటి కల్పించడమేనన్న సిద్ధాంతం అందుకు కారణం. శ్మశానవాటికకు మాత్రం 'ఉమ్మునా హవ్వా', అంటే 'మా అమ్మ హవ్వ' అన్న పేరు ఇంకా నిలిచి ఉంది. కట్టడం పోయినా పిలుపు పోలేదు.

క్రైస్తవ వేదాంతంలో ఈ పిలుపుకు జత మరొకటి ఉంది. రెండవ శతాబ్దంలోనే జస్టిన్, ఇరేనియస్ అనే ఇద్దరు ఆచార్యులు మరియమ్మను 'కొత్త ఏవ'గా భావించారు. మొదటి తల్లి అవిధేయతతో వేసిన ముడిని రెండవ తల్లి విధేయతతో విప్పిందన్నది ఇరేనియస్ చేసిన ఉపమానం. మరియమాతకు కతోలికులు ఇచ్చే మాతృస్థానానికి ఇదే పునాది. కనుక అవ్వ పేరు మీద వెలసిందని జనం చెప్పుకొనే ఊరిలో కూర్చుని మంగళవార్త జపం చెప్పుకొనే స్త్రీ, తనకు తెలియకపోయినా, పద్ధెనిమిది శతాబ్దాల నాటి ఆ పోలికలో ఒక కొసను పట్టుకొని ఉన్నట్టే.

పూసల సంగతికి వస్తే, ఐగుప్తు ఎడారిలోని తొలి సన్యాసులు జపాలను గులకరాళ్ళతో లెక్కించేవారు. రోజుకు మూడువందల జపాలకు మూడువందల రాళ్ళు ఒడిలో పోసుకొని, ఒక్కొక్కటే జారవిడిచిన పౌలు అనే మునిని గురించి పల్లాడియస్ రాశాడు. పశ్చిమ ఐరోపా మఠాలలో నూటయాభై కీర్తనలను లాటిన్‌లో పఠించడం చదువుకొన్నవారి పని. చదువురాని సోదరులూ, బయటి రైతులూ వాటికి బదులుగా నూటయాభై పరలోక జపాలు చెప్పేవారు. ఆ లెక్క తప్పకుండా ఉండడానికి తాడుకు ముడులు, ఆపైన పూసలు వచ్చాయి. పదకొండవ శతాబ్దంలో ఇంగ్లండులోని కవెంట్రీ ప్రభుపత్ని గొడైవా తన జపాల రత్నహారాన్ని మరియమాత ప్రతిమకు వేలాడదీయమని మరణశాసనం చేసిందని మామ్స్‌బరీ విలియం రాశాడు. ఐరోపాలో జపపు పూసలకు దొరికే తొలి దాఖలాల్లో ఇదొకటి, అదీ ఒక స్త్రీది. పదమూడవ శతాబ్దపు పారిస్‌లో ఈ పూసలు చేసేవారికి మూడు వేర్వేరు వృత్తిసంఘాలు ఉండేవి: ఎముక, కొమ్ము పనివారు ఒకటి, పగడం, గవ్వ పనివారు ఒకటి, అంబరు పనివారు ఒకటి. ఆంగ్లంలో పూసను సూచించే 'బీడ్' అన్న మాటకు మొదటి అర్థం ప్రార్థనే.

పరలోక జపాల స్థానంలోకి క్రమంగా మంగళవార్త జపం వచ్చింది. లూకా సువార్తలో దేవదూత చెప్పిన వందనం, ఎలిజబెత్తు చెప్పిన వందనం కలిసి దాని పూర్వభాగం. మరణసమయంలో మా కొరకు ప్రార్థించమని వేడే ఉత్తరభాగం చాలా కాలం తరువాత చేరి, 1568 నాటి ప్రార్థనగ్రంథంతో స్థిరపడింది. ఒక్కొక్క జపానికి క్రీస్తు జీవితఘట్టం ఒకటి జోడించి ధ్యానించే పద్ధతిని పదిహేనవ శతాబ్దారంభంలో త్రియర్ నగరపు మఠవాసి ప్రష్యా దొమినిక్ ప్రచారం చేశాడు. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో దొమినికన్ సభకు చెందిన అలాన్ ద లా రోష్ జపమాల సమాజాలను నెలకొల్పాడు. మరియమాత స్వయంగా పునీత దొమినిక్‌కు జపమాల ఇచ్చిందన్న కథ వ్యాప్తిలోకి వచ్చింది కూడా అప్పుడే. ఇద్దరు దొమినిక్‌ల పేర్లు కలిసిపోవడం ఆ కథకు కొంత దోహదం చేసి ఉండవచ్చు. ఇరవయ్యవ శతాబ్ది మొదట్లో హెర్బర్ట్ థర్‌స్టన్ అనే యేసుసభ గురువు ఆ కథకు చారిత్రకాధారం లేదని నిరూపించడానికి ఎంతో శ్రమపడ్డాడు, భక్తజనం పట్టించుకోలేదు.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే వాదం ఒకటుంది. జపమాల భారతదేశం నుంచి అరబ్బుల ద్వారా ఐరోపా చేరిందనీ, 'జపమాల' అన్న మాటను ఎవరో 'జపామాల'గా, అంటే మందారపూలమాలగా విని 'రోజరీ' అని అనువదించారనీ పందొమ్మిదవ శతాబ్ది జర్మన్ సంస్కృత పండితుడు ఆల్‌బ్రెక్ట్ వేబర్ ఊహించాడు. ఒక దీర్ఘం తేడాతో పుట్టిన ఈ ఊహ ముచ్చటైనదే. కాని గులాబీ తోట అన్న అర్థం గల లాటిన్ పదం మధ్యయుగపు భక్తిసంకలనాలకు పేరుగా వేరే దారిలోనే వచ్చింది కనుక ఈ వాదాన్ని అంగీకరించలేము. మాట ఎక్కడిదైనా, తెలుగు కతోలికులు దానికి సంకోచం లేకుండా జపమాల అనే పేరు పెట్టుకొన్నారు. నూటెనిమిది పూసల రుద్రాక్షమాలకు చెల్లే పేరే దీనికీ చెల్లింది.

ఇక విజయాల చరిత్ర. బలద్ చుట్టూ ఒకప్పుడు ప్రాకారం ఉండేది, 1947లో పడగొట్టారు. దానిని పదహారవ శతాబ్ది ఆరంభంలో మమ్లూకుల పక్షాన హుసేన్ అల్ కుర్దీ కట్టించింది ఎవరి భయంతోనంటే, పోర్చుగీసు వారి భయంతో. హిందూ మహాసముద్రంలో మిరియాల దారిని పట్టుకొన్న ఆ కతోలిక రాజ్యపు నౌకలు ఎర్రసముద్రం మీద కన్నువేశాయి. 1517లో లోపో సోరెస్ నాయకత్వంలో నౌకాదళం జెద్దా ముందుకు వచ్చి, ఫిరంగుల ఎదుట నిలువలేక వెనుదిరిగింది. అర్ధశతాబ్ది తరువాత 1571 అక్టోబరు 7న, గ్రీకు తీరాన లెపాంటో వద్ద ఆటోమన్ నౌకాదళాన్ని కతోలిక రాజ్యాల కూటమి ఓడించింది. ఆ కాలానికి జెద్దా కూడా ఆటోమన్ పాలనలోనిదే. విజయం జపమాల ప్రార్థన ఫలమని అయిదవ పయస్ పోపు ప్రకటించాడు. 1573లో జపమాల పండుగ ఏర్పడింది. 1716లో తురుష్కుల మీద మరో విజయం తరువాత అది సర్వసభకూ పండుగ అయింది. 1883 నుంచి పదమూడవ లియో పోపు అక్టోబరును జపమాల మాసంగా నిలబెట్టాడు. ఈనాడు గుంటూరు జిల్లా పల్లెలో అక్టోబరు నెల పొడుగునా ఇంటింటా జపమాల చెప్పుకొనే అవ్వలకు లెపాంటో పేరు తెలియదు. అది ఒకందుకు మంచిదే అనుకొంటాను.

రెండవ చరిత్రకు గట్టి ఉదాహరణ జపాన్. 1614లో అక్కడ క్రైస్తవం నిషిద్ధమైంది. గురువులు హతులయ్యారు, లేదా బహిష్కృతులయ్యారు. 1865 మార్చి 17న, నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన చర్చికి ఉరకామి పల్లె జనం కొందరు వచ్చి, ఫ్రెంచి గురువు పెతిజాన్‌ను రహస్యంగా అడిగిన ప్రశ్న మరియమాత ప్రతిమ ఎక్కడని. రెండున్నర శతాబ్దాలు గురువు లేకుండా, గ్రంథం లేకుండా నిలిచిన ఆ సమాజం బౌద్ధుల కానన్ దేవతామూర్తిలో మరియమ్మను చూసుకొంటూ, జపాలను తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నోటిమాటగా అందించుకొంటూ వచ్చింది.

తెలుగునేల మీద అంతటి నిర్బంధం లేదు గాని, గురువుల కరువు మనకూ తెలిసినదే. పద్ధెనిమిదవ శతాబ్ది తొలి ఏళ్ళలో ఫ్రెంచి యేసుసభ గురువుల కర్ణాటక మిషను పుంగనూరు మొదలైన చోట్ల తెలుగు సమాజాలను నెలకొల్పింది. సంస్కృతాంధ్రాలలో పండితుడైన గాస్తన్ కేర్దూ ఆ మిషనువాడే. 1773లో పోపు యేసుసభను రద్దుచేశాడు. అదే కాలంలో మైసూరు యుద్ధాలు దక్షిణాన్ని అతలాకుతలం చేశాయి. ప్యారిస్ విదేశీ మిషను సభ బాధ్యత తీసుకొన్నా, ఒక్కో గురువు భరించవలసిన ప్రాంతం ఒక రాజ్యమంత. కడప సీమ నుంచి కృష్ణ దిగువకు కదలి గుంటూరు ప్రాంతంలో స్థిరపడిన కతోలిక కుటుంబాలు ఫిరంగిపురం వంటి ఊళ్ళలో విశ్వాసాన్ని నిలుపుకొన్నాయంటే, అది ప్రధానంగా ఉపదేశుల చలవ, ఇంటి జపాల చలవ. దీపం పెట్టే వేళకు తల్లి మొదలుపెడితే పిల్లలు అందుకొనే ఆ రాగయుక్తమైన జపానికి పుస్తకం అక్కరలేదు. సగం తల్లి చెబుతుంది, సగం తక్కినవారు చెబుతారు. ఒంటరిగా ఉన్నవారు రెండు సగాలూ తామే చెప్పుకోవాలి.

మాతృభక్తికి తెలుగువారి పెద్ద క్షేత్రం గుణదల. 1924లో ఇటలీ గురువు ఆర్లాటి విజయవాడ పక్కన ఆ కొండపై మరియమాత ప్రతిమను ప్రతిష్ఠించాడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే ఉత్సవానికి లక్షలాది జనం వస్తారు. అందులో క్రైస్తవులు కానివారూ ఎందరో. కొబ్బరికాయలు, తలనీలాలు, కొండమెట్లు, అన్నీ మన జాతర లక్షణాలే. అదే కృష్ణ ఒడ్డున ఇంద్రకీలాద్రిపై దుర్గమ్మ ఉంది. అమ్మ దగ్గర మొక్కు చెల్లించడం ఎవరూ నేర్పవలసిన విషయం కాదు ఇక్కడ.

ఈ సులభమైన కలయికను తప్పుపట్టినవారూ ఉన్నారు. తెలుగు క్రైస్తవులలో అధికసంఖ్యాకులు ప్రొటెస్టెంటులు. వారికి మరియమ్మను వేడుకోవడం వాక్యవిరుద్ధం. ఈ వివాదం ఎంత పాతదంటే, దాని తొలి రూపాలలో ఒకటి అరేబియాలోనే కనిపిస్తుంది. సైప్రస్ మేత్రాణులు ఎపిఫానియస్ నాలుగవ శతాబ్దిలో రాసిన మతభేదాల సంకలనంలో, అరేబియాలో కొందరు స్త్రీలు పీట వేసి, గుడ్డ పరచి, మరియమ్మ పేరిట రొట్టెలు నివేదించి తామే పంచుకొంటారని రాసి, తీవ్రంగా ఖండించాడు. మరియమ్మకు గౌరవం, దేవునికి ఆరాధన అన్నది ఆయన గీసిన గీత. కతోలిక బోధ ఈనాటికీ దాని మీదనే నిలిచి ఉంది. ఆ స్త్రీల మాట మనకు చేరలేదు, వారిని ఖండించిన పురుషుడి మాట మాత్రమే చేరింది. గురువులు కాలేని స్త్రీలు తమ చేతిలో ఉన్న పిండితో తామే ఏర్పరచుకొన్న పూజ అది అని చదివితే, దాని వెనుక ఆకలి ఎటువంటిదో కొంత అర్థమవుతుంది.

మళ్ళీ నేటి జెద్దాకు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలలో చాలామంది తల్లులు. తమ పిల్లలను అమ్మమ్మల దగ్గర విడిచి, పరాయి పిల్లలను పెంచే పని వారిది. వారిలో కతోలికులైనవారు జపమాలలో ధ్యానించే దేవరహస్యాలను ఒకసారి ఆ కంటితో చూడండి. సంతోష దేవరహస్యాలలో రెండవది, మరియమ్మ కొండసీమకు ప్రయాణమై వెళ్ళి, నిండుచూలాలైన ఎలిజబెత్తు ఇంట మూడు నెలలు ఉండడం. అయిదవది, కనబడకుండా పోయిన పన్నెండేళ్ళ కొడుకును మూడు రోజులు వెతికి దేవాలయంలో కనుగొనడం. దుఃఖ దేవరహస్యాలలో కొడుకు బాధ పడుతుంటే తల్లి చేయగలిగేది దగ్గర నిలవడం ఒక్కటే. ఈ ఘట్టాలు వేదాంతులకు క్రీస్తు రహస్యాలు; ఆ తల్లికి అదనంగా తన సొంత కథ కూడా. ఇటువంటి మాతృభక్తి స్త్రీకి ఓర్పును మాత్రమే నేర్పి అన్యాయాన్ని సహింపజేస్తుందన్న విమర్శ ఉంది, అందులో బలమూ ఉంది. పాసుపోర్టు యజమాని దగ్గర ఉండిపోయినప్పుడు ఓర్పు కన్న న్యాయసహాయం అవసరం. అయితే రెండింటిలో ఏది ఆ రాత్రి ఆ గదిలో అందుబాటులో ఉందన్నదీ ప్రశ్నే.

ఇదే సందర్భంలో ముస్లిం సంప్రదాయపు ఒక కథ చెప్పుకోవాలి. తిరగలి విసిరి చేతులు కాయలు కాసిన ఫాతిమా, ఇంటిపనికి ఒక సేవకురాలిని ఇప్పించమని తండ్రి అయిన ప్రవక్తను అడిగింది. ఆయన సేవకురాలికి బదులు జపం ఇచ్చాడు: పడుకొనే ముందు సుబ్హానల్లాహ్ ముప్పైమూడు సార్లు, అల్ హమ్దులిల్లాహ్ ముప్పైమూడు సార్లు, అల్లాహు అక్బర్ ముప్పైనాలుగు సార్లు. నేటికీ దానికి 'ఫాతిమా తస్బీ' అని పేరు. పూసలు కొత్తగా కల్పించిన ఆచారమనీ, వేళ్ళ మీద లెక్కించడమే మేలనీ సౌదీ పండితులు పలువురు అంటారు. ఆ లెక్కన, యజమానురాలు తన వేళ్ళ కణుపుల మీద, పనిమనిషి తన వేళ్ళ మీద, గోడకు చెరోపక్క జపం లెక్కించుకొనే ఇళ్ళు జెద్దాలో ఉండి తీరాలి. మరియం పేరిట ఒక అధ్యాయమే గల ఖురాన్‌లో పేరుతో ప్రస్తావితమైన ఏకైక స్త్రీ కూడా ఆమెయే.

సభ నిర్మాణం ప్రకారం సౌదీ అరేబియా కతోలికులు ఉత్తర అరేబియా అపోస్తలిక వికారియేటు కిందికి వస్తారు. కువైట్, ఖతర్, బహ్రెయిన్ కూడా అందులోనివే. కువైట్‌లోని అహ్మదీ అనే చమురు పట్టణంలో 1940ల చివర మొదలైన 'అరేబియా మాత' భక్తి ఈ ప్రాంతమంతటికీ వ్యాపించింది. 1960లో ఆ ప్రతిమకు కిరీటధారణ చేసినది బొంబాయి అగ్రపీఠాధిపతి, కార్డినల్ వలేరియన్ గ్రేషియస్. 2011లో ఆ మాతను గల్ఫ్ ప్రాంతపు పాలకపునీతగా ప్రకటించారు. బహ్రెయిన్ రాజు ఇచ్చిన స్థలంలో అరేబియా మాత పేర కట్టిన ప్రధాన దేవాలయం 2021 డిసెంబరులో ప్రతిష్ఠితమైంది. దమ్మామ్, ఖోబర్‌లలో ఉండేవారు 1986లో తెరిచిన సముద్రవంతెన దాటి బహ్రెయిన్‌లో పూజకు వెళ్ళి రాగలరు. జెద్దా నుంచి అది వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం. ఇంజనీరుకు అది వారాంతపు విమానం. ఇంటి పనిమనిషికి అది కూడా కాదు.

వేదాంతపరంగా జపమాల దివ్యపూజకు ప్రత్యామ్నాయం కాదు. ఆరవ పౌలు పోపు 1974లో వెలువరించిన 'మరియాలిస్ కుల్తుస్' అనే పత్రంలో, దైవార్చన జరుగుతుండగా జపమాల చెప్పుకోవడం పొరపాటేనని స్పష్టం చేశాడు. ఆయన కళ్ళ ముందున్నది ఐరోపా దేవాలయాలలో వెనుక బల్లల మీద పూసలు తిప్పే వృద్ధులు. అసలు అర్చనే లేనిచోట ఏమి చేయాలన్నది ఆ వాక్యం విషయం కాదు. రెండవ జాన్ పాల్ 2002లో వెలుగు దేవరహస్యాలను చేర్చినప్పుడు అయిదవదిగా సత్ప్రసాద స్థాపనను పెట్టాడు. సత్ప్రసాదం అందనివారు గురువారంనాడు దానినే ధ్యానిస్తారు.

బలద్‌కు దక్షిణంగా, ఎత్తయిన గోడల మధ్య, ముస్లిమేతరుల శ్మశానం ఒకటి ఉంది. విదేశీ దౌత్యకార్యాలయాలు దాని బాగోగులు చూస్తాయి. 1884లో హత్యకు గురైన ఫ్రెంచి అన్వేషకుడు షార్ల్ ఊబే సమాధి అందులోనే ఉంది. సైనికులు, నావికులు, పుట్టగానే పోయిన పసిపిల్లలు ఉన్నారు. గుడికి చోటివ్వని నగరం శవానికి ఇచ్చిన చోటు అది. మంగళవార్త జపపు ఉత్తరభాగం మరణసమయం దగ్గరనే ఆగుతుంది.

జెద్దా గడియారం మన గడియారం కన్న రెండున్నర గంటలు వెనుక. అక్టోబరులో ఫిరంగిపురంలో ఏడున్నరకు ఇంటి జపమాల మొదలైతే ఇక్కడ సాయంత్రం అయిదు. అసర్ నమాజు అయిపోయి ఉంటుంది, మగ్రిబ్ అజాన్‌కు ఇంకా గంట ఉంటుంది. ఫోను కలిపి, వంటింటి గట్టు మీద బోర్లించి, గొంతు తగ్గించి చెప్పుకొంటారు. మొదటి సగం అక్కడి నుంచి అమ్మమ్మో పిల్లలో చెబుతారు. రెండవ సగం ఇక్కడి నుంచి.